పదకొండో బిళ్ళ

ఏప్రిల్ 19

పొద్దున పదింటికి ఎవరో ముందు తలుపు కొట్టారు. మా క్రో బ్రాంచ్ లోయలో ముందు తలుపు కొట్టేవాళ్ళు మూడు రకాలే. ఓట్లడిగేవాళ్ళు, పాలసీలు అమ్మేవాళ్ళు, చావు కబురు తెచ్చేవాళ్ళు. మనవాళ్ళయితే వెనక నుంచి వంటింటి తలుపు తోసుకుని వచ్చి, కాఫీ ఉందా అంటారు.

ఈవిడ నాలుగో రకం. సినిమావాళ్ళ మనిషి. పేరు కెస్లర్, ముప్పై ఏళ్ళుంటాయేమో. బూట్లకి బురద అంటకుండా గడప మీద నిలబడి నవ్వుతోంది. మన గని మీద సినిమా తీశారని ఊరంతా తెలుసు. మే 28 శనివారం హైస్కూల్ జిమ్‌లో మొదటి ఆట మనకే వేస్తారట. అక్కడ గోడకి నా బొంత వేలాడదీస్తామని కమిటీవాళ్ళు మార్చిలోనే అడిగారు, సరేనన్నాను. గని కూలి ముప్పై ఐదేళ్ళయింది కదా. జిల్లా జనమంతా ఒకచోట కూర్చుని ఆ బొంతని చూస్తారని నాకూ ఆశగానే ఉంది. కాదనడం ఎందుకు, చాలా ఆశగా ఉంది.

ఇప్పుడీ పిల్ల సంచీలోంచి కాగితం తీసింది. సినిమా పేరు 'పదకొండు బిళ్ళలు'. నా బొంత పేరూ అదే. జనం తికమక పడతారు కాబట్టి ఇకమీదట బొంతని 'గని కార్మికుల స్మారక దుప్పటి' అనాలట. సంతకం పెడితే గోడ మీద ఉంటుంది. లేకపోతే లేదు.

దుప్పటట! పద్నాలుగు నెలలు కుట్టాను దాన్ని. చచ్చిపోయిన మగవాళ్ళ పని చొక్కాలు వాళ్ళ పెళ్ళాలు తెచ్చిస్తే, ఒక్కో చొక్కా నుంచి ఒక్కో గుండ్రం కత్తిరించి కుట్టాను. నల్ల గుడ్డ మీద పదకొండు గుండ్రాలు.

పైగా బిళ్ళంటే ఏమిటో నాకే పాఠం చెప్పింది. గనిలోకి దిగేవాడు తన అంకె ఉన్న ఇత్తడి బిళ్ళని బయట చెక్క మీద మేకుకి తగిలించి వెళ్తాడట. పైకి వచ్చాక తీసి జేబులో వేసుకుంటాడట. చెక్క మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టట. అవునా తల్లీ, ఇన్నేళ్ళూ తెలియనే లేదు అన్నాను. వెటకారం అర్థం కాలేదు. "ఆ పదకొండు మంది ఆత్మలకీ శాంతి కలగాలి" అంది.

నేనేమీ సరిదిద్దలేదు. నాకేం పని.

సంతకం పెట్టలేదు. ఆలోచించుకోండి, మే 20 దాకా గడువుంది అని కాగితం వదిలి వెళ్ళింది. దాన్ని కుక్క గిన్నె కింద పరిచాను.

ఏప్రిల్ 20

నా పేరు మార్చమను, మారుస్తాను. బొంత పేరు మార్చను.

ఏప్రిల్ 26

లైబ్రరీకి వెళ్ళాను. వెండెల్ స్టేసీ అక్కడ ఇరవై ఏళ్ళుగా లైబ్రేరియన్. నెమ్మది మనిషి, కానీ కాగితం పట్టుకుంటే వదలడు. నా బొంత ప్రతి మార్చిలోనూ అక్కడే వేలాడుతుంది. సందర్శకుల పుస్తకం తీసి నాలుగేళ్ళ కిందటి పేజీ చూపించాడు. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన ఎవడో పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఎంత గొప్ప పేరు!'

దొంగ దొరికాడు అన్నాను. వెండెల్ కళ్ళజోడు తుడుచుకుని, దొంగతనం కాదండీ అన్నాడు. పేరు మీద ఎవరికీ హక్కుండదట. అదే పేరుతో ఒహాయోలో డెబ్బై ఏళ్ళ కిందట ఓ డిటెక్టివ్ నవల వచ్చిందట, ఎక్కడో ఓ నాటకం కూడా ఉందట. అందరికీ ఒకే పేరు, ఎవరి పని వాళ్ళది. చట్టం ఏమీ అనదు. కాబట్టి సినిమావాళ్ళు మిమ్మల్ని ఆపలేరు, మీరు వాళ్ళని ఆపలేరు అన్నాడు. జిమ్ గోడ మాత్రం ఆ రోజుకి వాళ్ళు అద్దెకి తీసుకున్నది.

ఒహాయో నవల సంగతి నాకు నచ్చలేదు. ఇక్కడ, ఈ లోయలో, ముందు ఎవరు పెట్టారన్నదే లెక్క అన్నాను.

"అయితే ఇక్కడ అన్నిటికంటే ముందుది మీ బొంతేనా జెల్లా గారూ?" అన్నాడు.

ఎనభై ఎనిమిదిలో, జిల్లా సంతలో నీలం రిబ్బన్, మొదటి బహుమతి అని చెప్పాను. అతను రాసుకున్నాడు. నా చెల్లెలు మింటీ సంగతి వేరు. ఆ సంగతి అతనికెందుకు.

ఏప్రిల్ 27

బొత్తాల డబ్బా తీశాను. మూసేశాను.

మే 4

కోయ్ ఫోన్ చేశాడు. మింటీ మొగుడు. నా చెల్లెలు నాతో మాట్లాడి ముప్పై రెండేళ్ళయినా కోయ్ మాత్రం ఏడాదికి రెండుసార్లు చేస్తాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, మాటకీ మాటకీ మధ్య ఈల.

"వదినా, నేను చచ్చిపోయానటగా?" అన్నాడు.

సినిమా ప్రకటన ఫోన్‌లో చూశాడట. పదకొండు శవపేటికలు వరసగా పెట్టి, వాటి మీద పదకొండు బిళ్ళలు పెట్టారట. పదకొండోది తనదే అయ్యుంటుందని మహా సంబరం. పెట్టె మంచి చెక్కతో చేశారు వదినా, నిజంగా పోతే మింటీ ఇంత ఖర్చు పెట్టదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఆ నవ్వు మధ్యలోనే అడిగాడు. ఆ పిల్ల మీ ఇంటికొచ్చింది కదా, పోయినవాళ్ళు పది మందేనని నువ్వు చెప్పలేదా?

అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాను. సరేలే వదినా, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాడు.

మే 5

పది మందే. రాస్తే ఏం పోయింది, ఇది ఎవరు చదువుతారు.

ఆ రోజు పొద్దుటి షిఫ్టులో కోయ్‌కి పన్ను నొప్పి. ఫోర్‌మన్‌కి చెప్పకుండా మధ్యలోనే పైకి వచ్చేశాడు. దవడ పట్టుకుని నేరుగా ఇంటికి పోయాడు. బిళ్ళ తియ్యడం మర్చిపోయాడు. తర్వాత గంటకి గని కూలింది. చెక్క మీద పదకొండు బిళ్ళలున్నాయి. పదకొండు మంది కోసం వెతికారు.

మింటీ ఆ రోజు మా అమ్మ దగ్గరుంది, అక్కణ్ణుంచి నేరుగా గనికి వచ్చింది, ఇంటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం నుంచి ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. నేను నా మొగుడు హార్లిస్ కోసం, అది కోయ్ కోసం. సాయంత్రం ఎవడో పరిగెత్తుకుని వచ్చి, కోయ్ ఇంట్లో లవంగ నూనె పెట్టుకుని నిద్రపోతున్నాడని చెప్పాడు. మింటీ నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. వెనక్కి చూడలేదు.

ఆ స్థానంలో నేనున్నా పరిగెత్తేదాన్నే. అది వేరే సంగతి.

లేని మనిషి కోసం, కోయ్ పనిచేసే వైపు, రెండు గంటలు తవ్వారు. ఆ రెండు గంటలూ హార్లిస్ వైపు తవ్వి ఉంటే.

మే 6

హార్లిస్ ఆ క్షణంలోనే పోయాడని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. డాక్టరూ చెప్పాడు. కాగితం బీరువాలోనే ఉంది.

మే 11

వెండెల్ కబురు పంపాడు, వెళ్ళాను. లైబ్రరీ నేలమాళిగలో ఒక క్యాసెట్ దొరికిందట. తొంభైలో ఊరి రేడియోవాళ్ళు రికార్డు చేసినవాటిలో ఒకటి. మీద 'ఆర్మింటా స్లోన్, పాటలు' అని మింటీ పూర్తి పేరు ఉంది. దాని కింద ఒక వరస మొత్తం పెన్నుతో నల్లగా కొట్టేసి ఉంది.

ఈ నలుపు కింద ఏముందో తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. అతను లేబుల్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చదివాడు. నా వైపు చూడకుండా డబ్బాలో పెట్టేశాడు.

"ఈ లోయలో ముందుది కావాలన్నారు కదా," అన్నాడు. "ఇది రాసుకోమంటారా, వద్దంటారా?"

ఆలోచించి చెప్తానన్నాను. కెస్లర్ పిల్ల నాతో అన్న మాటే అది, ఆలోచించుకోండి అని. కారులో కూర్చున్నాక గుర్తొచ్చింది.

మే 12

తెలీదన్నాను. అరవై తొమ్మిదేళ్ళ ముసలిదాన్ని, లైబ్రరీలో నిలబడి అబద్ధమాడాను.

మే 15, ఆదివారం

చర్చిలో మింటీ నాకు మూడు బెంచీల ముందు కూర్చుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పెద్దాయన పాట పంక్తి అందిస్తే అందరం లాగి పాడతాం కదా, మా చర్చిలో వాయిద్యాలు లేవు, పుస్తకాలు లేవు. అంతమంది గొంతులోనూ దాని గొంతు లేదని నాకు తెలుస్తుంది. పెదవులు కదుపుతుంది అంతే. తొంభై నుంచీ అంతే.

ఎందుకంటే నేను ఆపాను.

మే 18

కెస్లర్ ఫోన్. గడువు శుక్రవారం, పేరు ఒక్కటే కదండీ, బొంత అదే బొంత కదా అంది. ఎంత తియ్యగా చెప్పిందో. పేరుకి నీకేం హక్కు, నీవాళ్ళెవరు పోయారు అని అరిచాను. వెంటనే ఫోన్ పెట్టేశాను.

ఆ మాట నా నోట్లోంచి రావడం ఇది రెండోసారి. మొదటిసారి చర్చి వాకిట్లో.

మే 20

గడువు అయిపోయింది. సంతకం పెట్టలేదు. ఇప్పుడు తాపీగా నిజం రాస్తాను. ముప్పై రెండేళ్ళుగా నాకు నేనే చెప్పుకున్న కథ చాలు.

పేరు నాది కాదు. మింటీది. గని కూలిన రెండు నెలలకి, ఆ మే నెల డెకరేషన్ ఆదివారం నాడు, ఏటా చేసేట్టే సమాధులకి మట్టి ఎత్తి పూలు పెట్టాక, మింటీ నిలబడి పాట అందించింది. చర్చిలో ఆడవాళ్ళు అందించరు, సమాధుల దగ్గర ఎవరూ అడ్డు చెప్పరు. తనే కట్టిన పాట. 'పదకొండు బిళ్ళలు' అని దాని పేరు. జనం ఏడుస్తూ అందుకున్నారు. నేనూ అందుకున్నాను.

ఆ శరత్కాలంలో అది వెనక తలుపు తోసుకుని వచ్చి కోయ్ చొక్కా నా ఒళ్ళో పెట్టింది. ఇది కూడా కుట్టక్కా, బతికినవాడిది, మూలకి కుట్టు అంది. కుట్టాను. జిల్లా సంతలో చీటీ రాసే ఆవిడ పేరేమిటని అడిగితే, అందరికీ తెలిసిన పాట కదా అని ఆ పేరే చెప్పాను. నీలం రిబ్బన్ వచ్చింది. పేపర్లో ఫొటో వచ్చింది. జెల్లా నేపియర్ వారి 'పదకొండు బిళ్ళలు' అని. చదివి చదివి నాదే అనుకున్నాను.

తర్వాత అదే పేరు పెట్టి మింటీ పాటల క్యాసెట్ వచ్చింది. నేను చర్చి వాకిట్లో అందరి ముందూ దానితో అన్నాను. "ఆ పేరు తీసెయ్. పోయింది నా మనిషి. నీ మనిషి ఇంటికొచ్చాడు, నీకేం హక్కు?"

మింటీ అరుగు మీద కూర్చుని రెండు వందల క్యాసెట్ల మీదా పేరు పెన్నుతో కొట్టేసిందని కోయ్ చెప్పాడు. ఒక్కటీ అమ్మలేదు. మళ్ళీ పాడలేదు.

గురివింద గింజ సామెత నాకోసమే పుట్టింది. కెస్లర్ పిల్ల కనీసం కాగితం మీద రాసి, గడువిచ్చి, నవ్వుతూ అడిగింది.

బొత్తాల డబ్బా తీశాను. ఈసారి మూయలేదు. అడుగున బిళ్ళ ఉంది. 63. కోయ్‌ది. ఆ సాయంత్రం హార్లిస్ బిళ్ళ తీసుకోవడానికి చెక్క దగ్గరికి వెళ్ళినప్పుడు పక్కదీ తీసేసుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. వాడు దాన్ని తీసి జేబులో వేసుకోకూడదని.

మే 22, ఆదివారం

చర్చి అయ్యాక మింటీ ఇంటికి నడిచి వెళ్ళాను. మూడు వందల గజాలు, ముప్పై రెండేళ్ళు. వెనక వైపే వెళ్ళాను, తలుపు తోసే ధైర్యం లేక తట్టాను.

"తట్టేవాళ్ళు ముందు నుంచి రావాలి," అంది లోపల్నుంచి.

"మింటీ, నేను."

"తెలుసు. ఆ తట్టడంలోనే పొగరు తెలుస్తోంది."

తలుపు తీసింది, పక్కకి జరగలేదు. వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది. నేను రెండు రోజులుగా వంటింట్లో చెప్పుకుని చెప్పుకుని తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. పేరు నీదే అన్నాను. సినిమావాళ్ళు వచ్చి లాక్కుంటే తెలిసింది అన్నాను.

"అంటే నీ కాలికి ముల్లు గుచ్చుకుంటే గానీ నా కాలు గుర్తుకు రాలేదు."

"రాలేదు."

అలా ఒప్పేసుకుంటానని అనుకోలేదేమో, కాస్త తగ్గింది. చేతిలో బంగాళాదుంప, కత్తి. తొక్క తీస్తూనే ఉంది.

డెకరేషన్ నాడు బొంతని జిమ్‌లో కాదు, సమాధుల దగ్గరే కడతాను, నువ్వు పాడు అని అడిగాను. బతిమాలలేదు. నాకు చేతకాదు. పాడకపోయినా బొంత వెనక చీటీ మార్చి కుడతాను, పాట మింటీది అని, అన్నాను.

"ఆ రోజు నీ చెయ్యి వదిలేశాను," అంది మింటీ. తల ఎత్తలేదు. "నువ్వు దానికే నన్ను తిట్టి ఉంటే పడేదాన్ని అక్కా. పాటని తిట్టావు."

తలుపు మెల్లగా వేసేసింది. పాడతాననలేదు, పాడననలేదు.

బిళ్ళ జేబులోనే ఉంది. ఇవ్వలేకపోయాను.

మే 25

వెనక చీటీ ఊడదీసి కొత్తది కుట్టాను. వేళ్ళు సరిగా వంగడం లేదు, కుట్టు వంకర. ఉండనీ. 'పదకొండు బిళ్ళలు. పాట ఆర్మింటా స్లోన్, 1987. బొంత జెల్లా నేపియర్, 1988.'

వెండెల్‌కి ఫోన్ చేసి రాసుకోమన్నాను. ఎప్పుడో రాసుకున్నానండీ, మీరు చెప్పేదాకా సిరా పెట్టలేదు, పెన్సిలుతో రాశాను అన్నాడు.

మే 28

జిమ్‌కి వెళ్ళలేదు. గోడ ఖాళీగా ఉందట. జనం బొంతేదని కమిటీవాళ్ళని అడిగారట. కోయ్ మాత్రం ఆక్సిజన్ సిలిండర్ బండి లాక్కుంటూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. బాగానే చచ్చాను వదినా, నాకంటే అందగాణ్ణి పెట్టారు అని ఫోన్ చేశాడు. మింటీ ఏమందని అడగబోయి ఊరుకున్నాను.

మే 29, డెకరేషన్ ఆదివారం

తెల్లారగానే వెళ్ళి రెండు దేవదారు చెట్ల మధ్య బట్టల తాడు కట్టాను, బొంత వేశాను. గాలికి ఊగింది. ముప్పై ఐదేళ్ళ చొక్కాలు, ఎండలో రంగులు కొత్తగా కనిపించాయి. జనం గడ్డపారలతో, ప్లాస్టిక్ పూలతో వచ్చారు. సమాధులు ఊడ్చారు, మట్టి ఎత్తారు. తర్వాత బల్లల మీద గిన్నెలు పరిచారు. కోడి, పిండి ఉండలు, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, నా ఆపిల్ పొరల కేకు.

కెస్లర్ పిల్ల కూడా వచ్చింది. ఎవరు పిలిచారో తెలియదు. బూట్లు ఈసారి బురదలోనే ఉన్నాయి. బొంత ముందు నిలబడి గుండ్రాలు లెక్కపెట్టింది. వెనక్కి వెళ్ళి చీటీ చదివింది. నా దగ్గరికి వచ్చి, ఈ పాట సంగతి మాకెవరూ చెప్పలేదే అంది. మీరెవరినీ అడగలేదే అన్నాను. నేను చెప్పనూలేదు, అందుకని గొంతు ఎక్కువ లేవలేదు.

అప్పుడు మింటీ లేచింది.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని, పంక్తి అందించింది. ముసలి గొంతు, పగిలింది, కానీ రాగం ఎక్కడా తప్పలేదు.

"పది బిళ్ళలకి మనిషి లేడు, పదకొండోదానికి మొహం లేదు."

ఎవరూ అందుకోలేదు. మర్చిపోయి కాదు. అందరూ నా వైపు చూస్తున్నారు. జెల్లా ఆపిన పాట, జెల్లా ఊరుకుంటుందా అని. పంక్తి అలా గాలిలోనే ఉంది, మింటీ కళ్ళు తెరవలేదు.

నేను అందుకున్నాను. ఒక్కదాన్నే. నా గొంతు గాడిదకి కూడా నచ్చదు. రెండో మాట దగ్గర వెండెల్ కలిశాడు, తర్వాత అందరూ కలిశారు. పదకొండు చరణాలూ పాడాం. హార్లిస్ చరణం దగ్గర నేను ఆగిపోతే మింటీయే లాక్కెళ్ళింది.

పాట అయ్యాక కోయ్ దగ్గరికి వెళ్ళి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టాను. అందరి ముందూ తిట్టినదాన్ని, అందరి ముందే ఇవ్వాలి. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది, నేనే దాచాను, నువ్వు పైకి రాలేదనుకోవడం నాకు కావలసి వచ్చింది అని చెప్పాను. కోయ్ 63 మీద బొటనవేలితో రుద్దాడు. జోకు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. చొక్కా జేబు గుండీ తీసి, బిళ్ళ లోపల వేసి, గుండీ పెట్టుకున్నాడు.

"పైకొచ్చాను వదినా," అన్నాడు.

మింటీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకునేదేముంది.

కెస్లర్ పిల్ల కళ్ళు కూడా ఎర్రబడ్డాయి. ఇంటికెళ్ళి కుక్క గిన్నె కింది కాగితం తీసి తెచ్చాను, ఆ పిల్ల చేతిలో పెట్టాను. సంతకం చేసే చోట సంతకం లేదు, ఒక మాట రాసి ఉంది. పైకే చదివింది. "పేరు మీరూ వాడుకోండి. కోయ్‌ని బతికించండి."

సినిమా అయిపోయింది కదండీ, ఇప్పుడెలా అంది. నేను నీ వయసులో పద్నాలుగు నెలలు కుట్టాను, మొన్ననే మళ్ళీ ఊడదీసి కుట్టాను, నీకేం రోగం అన్నాను. కోయ్ కోడి తొడ కొరుకుతూ ఆ పిల్లకి చెయ్యి ఊపాడు.

మే 30

తెల్లారి ఆరింటికి వెనక తలుపు తోసుకుని మింటీ వచ్చింది. తట్టలేదు. కాఫీ పోసుకుని ఒక గుక్క తాగి, ముప్పై రెండేళ్ళలో కాఫీ పెట్టడం కూడా నేర్చుకోలేదా అంది. ఇష్టమైతే తాగు, లేకపోతే మానెయ్ అన్నాను.

రెండు కప్పులు తాగింది.